అమెరికా చరిత్ర - అమ్మమ్మ వత్తులు

పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే కూర్చోబెట్టి చదువు చెప్పుకోవడానికి అమెరికాలో యాభై రాష్ట్రాల్లోనూ చట్టం ఒప్పుకుంటుందంటే మనలో చాలామంది ఒక పట్టాన నమ్మరు. హోమ్ స్కూలింగ్ అంటారు దాన్ని. 2020లో కరోనా వచ్చి బళ్ళు మూతపడ్డప్పుడు ఈ పద్ధతి ఒక్కసారిగా పెరిగింది. ఆ దేశపు జనాభా లెక్కల శాఖ అంచనా ప్రకారం, ఆ యేడు వసంతంలో బడియీడు పిల్లలున్న కుటుంబాల్లో నూటికి 5.4 ఇంటి చదువులో వుంటే, ఆకులు రాలే కాలానికి అవి 11.1 అయినాయి. వర్జీనియా రాష్ట్రంలో వుంటున్న మా చెల్లెలు ఆ రెండో అంకెలో చేరింది. తరవాత బళ్ళు తెరిచారు. దాని పిల్లలు మాత్రం ఇంట్లోనే వుండిపోయారు.

చట్టం అడిగేది పెద్దగా ఏమీ లేదు. వర్జీనియాలో అయితే ఏటా ఆగస్టు 15 లోగా "మా పిల్లలకి మేమే చదువు చెప్పుకుంటాం, ఇవిగో చెప్పే విషయాలు" అని స్థానిక విద్యాధికారికి ఒక కాగితం ఇవ్వాలి. ఆ తరవాతి ఆగస్టు 1 లోగా పిల్లలు ముందుకు సాగారనడానికి ఏదో ఒక రుజువు చూపాలి. చెప్పే తల్లిగాని తండ్రిగాని హైస్కూలు పాసై వుంటే చాలు. సంగతంతా విని మా అమ్మ, "మన వీధి అరుగు బడి ఇంట్లోకి వచ్చిందన్నమాట!" అన్నది.

మొన్న వేసవి సెలవల్లో అమ్మా నేనూ చెల్లెలి ఇంటికి వెళ్ళాం. వాషింగ్టన్ నగరానికి గంట దూరం. వీధికి నాలుగైనా తెలుగు కొంపలు వుంటాయి. మేనకోడలికి పదకొండేళ్ళు, మేనల్లుడికి ఎనిమిది. లెక్కలూ సైన్సూ చెల్లెలికి ఇబ్బంది లేదు; పదేళ్ళు కంప్యూటరు వుద్యోగం చేసిన మనిషి. చిక్కల్లా చరిత్ర దగ్గరే వచ్చింది.

"అన్నయ్యా, నేను గుంటూరులో చదువుకున్నదాన్ని. నాకు శాతవాహనులు తెలుసు, అక్కన్న మాదన్నలు తెలుసు. ఈ దేశపు చరిత్ర నేనెక్కడ చదివాను? పుస్తకం తెరిస్తే వీడు ఆవులిస్తాడు. చేత్తో చేయించే పనులు బోలెడున్నాయి గాని, ఏది మంచిదో ఏది పిచ్చిదో తేలడం లేదు. నువ్వు కాస్త ఏరి పెట్టు," అంది.

తెలుగు ఎం.ఏ. వాణ్ణి అమెరికా చరిత్ర అడగడమంటే కంసాలి దగ్గరికి నాగలి పట్టుకెళ్ళడమే. అయినా అన్నని కదా! ఆ వూరి గ్రంథాలయంలో నాలుగు రోజులు కూర్చున్నాను. ఊరి గ్రంథాలయం అంటే మన శాఖా గ్రంథాలయాన్ని వూహించుకోకండి. పిల్లల చరిత్ర పుస్తకాలకే ఒక గది. అన్నీ వూరికే ఇస్తారు. చేతిపనుల పుస్తకాలు ఒక అలమర నిండా వున్నాయి. ఇవి కాక నెలనెలా తపాలాలో పెట్టెలు పంపే కంపెనీలు వేరే.

పుస్తకాలు తిరగేస్తూంటే ఒక ప్రశ్న మాత్రం దగ్గర పెట్టుకున్నాను. ఈ పని చెయ్యక ముందు తెలియని సంగతి, చేసిన తరవాత చేతికి ఏదైనా తెలుస్తుందా? తెలిస్తే అది చరిత్ర. లేకపోతే అది రంగు కాగితమూ జిగురూను.

ఆ అలమరలో రంగు కాగితమే ఎక్కువ. రంగురంగుల కాగితపు ఈకలు తలకి చుట్టుకుంటే "ఇండియన్" అయిపోయినట్టే. అట్టతో శంఖాకారపు గుడారం చేస్తే అది వాళ్ళ ఇల్లు. కాని ఆ గుడారాలు పడమటి మైదానాల్లో అడవిదున్నల వెంట తిరిగిన జాతులవి. వర్జీనియాలో ఇంగ్లీషువాళ్ళు 1607లో దిగినప్పుడు ఎదురైన పౌహటన్ జనం పచ్చి కర్రలు వంచి కట్టి, వాటిమీద తుంగచాపలూ చెట్టుబెరళ్ళూ కప్పిన ఇళ్ళలో వుండేవారు. పైగా వాళ్ళేమీ కథలో జనం కారు. వాళ్ళ వారసులైన పమంకీ జాతి ఇప్పటికీ అదే పేరుగల నది ఒడ్డున వుంది. 17వ శతాబ్దపు ఒడంబడిక ప్రకారం ఇవాళ్టికీ ఏటా గవర్నరు ఇంటికి వేటాడిన జింకను కప్పంగా తెచ్చి ఇస్తారు. 2018లో మరో ఆరు వర్జీనియా జాతుల్ని అమెరికా పార్లమెంటు గుర్తించింది. పక్క జిల్లాలో బతికి వున్న మనుషుల్ని కాగితపు ఈకలుగా చూపడం నాకు నచ్చలేదు. ఆ పుస్తకాలు అలమరలోనే వుంచేశాను.

దాని బదులు పెరట్లో మూడు గింజలు వేయించాను. మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి. తూర్పు అమెరికా ఆదిమ జాతులు ఈ మూడింటినీ కలిపి వేసేవారు. ముందు మొక్కజొన్న. అది జానెడు ఎదిగాక దాని మొదట్లో చిక్కుడు. ఇంకో వారానికి చుట్టూ గుమ్మడి. చిక్కుడు తీగకి మొక్కజొన్నే పందిరి. చిక్కుడు వేళ్ళు నేలకి సత్తువ ఇస్తాయి. గుమ్మడాకు నేలని కప్పి తడి ఆరకుండా, కలుపు లేవకుండా చూస్తుంది. కందీ జొన్నా కలిపి వేసే మన రైతుకి ఇది వింత కాదు. నాగలీ ఎద్దులూ లేని జనం అంత పంట ఎలా తీశారో పిల్లలకి పుస్తకం కన్నా ఆ మూడడుగుల మట్టిదిబ్బే బాగా చెప్పింది.

వెన్న చిలికే పాఠం ఒకటి ప్రతి పుస్తకంలోనూ వుంది. సీసాలో మీగడ పోసి పావుగంట కుదిపితే వెన్న తేలుతుంది. "అమెరికా పూర్వీకుల జీవితం తెలుసుకోండి" అని దాని పేరు. మా అమ్మ ఆ పేజీ చూసి, "కవ్వం పట్టడం చరిత్ర ఎప్పుడైందిరా? నేను మొన్నటిదాకా పట్టాను," అన్నది. ఆ పాఠం అంతటితో అయిపోయింది.

టీ పొట్లాలు నీళ్ళతొట్టిలో విసిరి బోస్టన్ టీ పార్టీ అనిపించడమూ అలాంటిదే. అక్కడ తెలుసుకోవలసింది వేరే వుంది. 1773 డిసెంబరు 16 రాత్రి సముద్రంలో పారబోసిన 342 పెట్టెల తేయాకు చైనాది. ఆ సరుకు మాత్రం మన నెత్తిన కూర్చున్న ఈస్టిండియా కంపెనీది. 1770లో బెంగాలులో ఘోరమైన కరువు వచ్చింది. కంపెనీ అప్పుల్లో మునిగింది. గిడ్డంగుల్లో తేయాకు అమ్ముడుపోక పేరుకుంది. దాన్ని ఒడ్డెక్కించడానికే ఇంగ్లండు పార్లమెంటు 1773లో తేయాకు చట్టం చేసి, ఆ సరుకును అమెరికా మీదికి తోలింది. పౌనుకి మూడు పెన్నీల పాత పన్ను అలాగే వుంచింది. మేనకోడలు గోడకి ప్రపంచపటం అంటించి కాంటన్, కలకత్తా, లండన్, బోస్టన్ వూళ్ళకి ఎర్రదారం కట్టింది. చిన్నవాడు మాత్రం రెండు పొట్లాలు తొట్టిలో వేసే తీరాడు. పిల్లవాడు కదా, వెయ్యనిచ్చాం.

సిరా సంగతి కాస్త వివరంగా చెప్పాలి. అది నా శాఖకి దగ్గరది. 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటన తోలుకాగితం మీద ఇనుము కలిసిన సిరాతో రాసినది. ఓక్ చెట్ల బుడిపెల్లోని వగరుకి అన్నభేది కలిపితే నలుపు పుడుతుంది. మన పెద్దలు కరక్కాయ వగరుకి అన్నభేది కలిపి సిరా కాచుకున్నదీ, మన కలంకారీలో నల్లగీత పడేదీ ఈ కిటుకుతోనే. ఇంట్లో చేయడానికి ఓక్ బుడిపె అక్కరలేదు. గిన్నెలు తోమే ఇనుప పీచు వెనిగర్‌లో నాలుగు రోజులు నానబెట్టి, ఆ నీళ్ళు చిక్కటి టీ డికాక్షన్‌లో పోస్తే చూస్తూండగానే నల్లబడుతుంది. ఈక కలానికి చెరువుగట్టున రాలిన బాతు ఈకలు ఏరబోయాడు చిన్నవాడు. ఆగాల్సి వచ్చింది. 1918 నాటి వలసపక్షుల చట్టం కింద అడవి బాతు ఈక ఇంటికి తెచ్చుకోవడం కూడా నేరమే! కొట్లో టర్కీ కోడి ఈకలు కొన్నాం.

ఇంతవరకూ అందరూ చేయించేదే. మేం ఇంకో అడుగు వేశాం. ఒకే వాక్యం రెండు కాగితాల మీద రాయించి, ఒకటి ఎండ పడే కిటికీకి అంటించాం, రెండోది సొరుగులో పెట్టాం. ఆరు వారాలకి కిటికీలోది వెలిసిపోయింది. అప్పుడు వాళ్ళని వాషింగ్టన్‌లోని జాతీయ పత్రభండారానికి తీసుకువెళ్ళాం. స్వాతంత్ర్య ప్రకటన వున్న మందిరంలో వెలుతురు మసకగా వుంటుంది. 56 మంది సంతకాల్లో చాలా మటుకు కనీ కనిపించవు. 1841 నుంచి ముప్ఫై అయిదేళ్ళు దాన్ని పేటెంటు ఆఫీసు భవనంలో కిటికీ ఎదురుగా వేలాడగట్టారట. వరసలో మా ముందు నిలబడ్డ ఒకాయన "ఏమిటీ చీకటి!" అని విసుక్కుంటే, మా ఎనిమిదేళ్ళవాడు ఆయనకి కారణం చెప్పాడు.

ఇక పత్తి.

అమెరికా చరిత్ర చెప్పేవాళ్ళెవరూ బానిసత్వం దాటేసి వెళ్ళలేరు. 1619 ఆగస్టులో ఇరవై చిల్లర మంది ఆఫ్రికన్లను ఇదే వర్జీనియా తీరాన దించి అమ్మారు. చెల్లెలి ఇంటికి దగ్గరలోనే వున్న మౌంట్ వెర్నన్‌లో, జార్జి వాషింగ్టన్ 1799లో చనిపోయేనాటికి 317 మంది బానిసలు వుండేవారు. అందులో 123 మంది ఆయన సొంతం. ఇది చేతిపనిగా ఎలా చెబుతారు? పిల్లల చేత బానిసల వేలం నాటకం వేయించిన బళ్ళు అక్కడ వున్నాయి. తల్లిదండ్రులు వెళ్ళి పోట్లాడిన సందర్భాలూ వున్నాయి. పోట్లాడడమే న్యాయం. పిల్లలు ఒక గంటసేపు బానిసలుగా నటించి, పాలూ బిస్కట్లూ తీసుకుంటే వాళ్ళకి తెలిసేదేమిటి?

నటన వద్దనుకున్నాం. పని మాత్రం పెట్టాం. చెల్లెలు తపాలాలో ముప్ఫై ఎండు పత్తికాయలు తెప్పించింది. వాటిని చూడగానే మా అమ్మ చాప వేసుకుని కూర్చుంది. ఆవిడ ఏ దేశం వెళ్ళినా కార్తీకమాసపు వత్తులకి దూది సంచీలో వుండవలసిందే. మా పెరట్లో చెట్టుపత్తి గింజలు ఒలిచి ఒలిచి ఆవిడ వేళ్ళు అరిగి వున్నాయి. ఒక కాయ విప్పి చూసి, "ఇదేం పత్తే! గింజని కరుచుకుని వదలడం లేదు," అన్నది.

ఆ మాటలోనే కథంతా వుంది. సముద్రపు ఒడ్డు దీవుల్లో పండే పత్తికి గింజ నల్లగా నున్నగా వుంటుంది. రెండు కర్రల మధ్య నొక్కితే జారిపోతుంది. మన దేశంలో ఆ రెండు కర్రల చక్రం ఏనాటినుంచో వున్నదే. కాని ఆ పత్తి తీరం దాటితే పండదు. లోపలి నేలల్లో పండేది పొట్టి పోగు పత్తి. దాని ఆకుపచ్చ గింజకి నూగు అంటుకుని వుంటుంది. చేత్తో ఒలవాలి. ఒక మనిషి రోజంతా కూర్చుంటే పౌను దూది, అంటే 454 గ్రాములు తేలితే గొప్ప. (ఇవాళ మన గుంటూరు చేలలో వేసేది కూడా చాలావరకు ఆ అమెరికా జాతి పత్తే.)

గడియారం పెట్టి ముగ్గురూ గంటసేపు ఒలిచారు. వంటింటి త్రాసులో తూచితే మా అమ్మది 21 గ్రాములు, మేనకోడలిది 7, చిన్నవాడిది 3. చిన్నవాడి దూదిలో గింజ తునకలు కూడా వున్నాయి గాని, పోనీ అన్నాం. మేనకోడలు తన చొక్కా ఒకటి తెచ్చి తూచింది. 170 గ్రాములు. కాగితం మీద లెక్క వేసి, "నా ఒక్క చొక్కాకి అమ్మమ్మ ఎనిమిది గంటలు కూర్చోవాలి. ఇంకా వడకలేదు, నెయ్యలేదు," అంది.

తరవాత యంత్రం. 1793లో జార్జియాలోని ఒక తోటలో ఎలీ విట్నీ అనే కుర్రవాడు కనిపెట్టి, 1794 మార్చి 14న పేటెంటు పుచ్చుకున్న జిన్ను. తీగపళ్ళున్న ఒక దుంగ తిరుగుతుంది. పళ్ళు సన్నటి కంతల్లోంచి పోగుల్ని అవతలికి లాగుతాయి. గింజ కంతలో పట్టక ఇవతలే ఆగుతుంది. ఇంట్లో నమూనాకి ఏం కావాలంటారా? ఒక పేల దువ్వెన, కుక్కకి దువ్వే తీగల బ్రష్షు. దువ్వెన పళ్ళకి ఇటు పత్తి ఆనించి అటునుంచి బ్రష్షుతో లాగితే కాసిని పోగులు వచ్చాయి. గింజ రాలేదు. చిన్నవాడు గంతులు వేశాడు. చేతితో తిప్పే జిన్ను మీద ఒక మనిషి రోజుకి యాభై పౌన్ల దూది తీసేవాడు.

మేనకోడలు కాసేపు ఆలోచించి, "అయితే మామయ్యా, యంత్రం వచ్చాక బానిసల్ని వదిలేశారా? పని తగ్గింది కదా!" అంది.

పదకొండేళ్ళ పిల్ల అడగవలసిన ప్రశ్నే. నేను జవాబు చెప్పలేదు. చెల్లెల్ని వంటింట్లోంచి ఆవాల డబ్బా తెమ్మన్నాను.

గరాజు నేల మీద మా అమ్మ ముగ్గుపిండితో అమెరికా తూర్పు తీరం గీసింది. పటం చూసి గీసినా ఫ్లారిడా కాస్త మామిడిపిందెలా వచ్చింది. ఒక ఆవగింజకి వెయ్యిమంది. 1790 జనాభా లెక్కల్లో బానిసలు దాదాపు ఏడు లక్షలు. ఏడు వందల ఆవాలు, ఎక్కువభాగం వర్జీనియా, మేరీలాండ్, కరోలినాల్లో. 1860 లెక్కల్లో దాదాపు ముప్ఫై తొమ్మిదిన్నర లక్షలు. మూడువేల తొమ్మిదివందల యాభై ఆవాలు. వంద లెక్కపెట్టి, చెంచాకి ఎన్నో చూసుకుని చెంచాలతో పోశారు. బయటి దేశాలనుంచి బానిసల్ని తేవడం 1808లోనే నిషేధించారు. అయినా ఇంత కుప్ప! వర్జీనియా గీతలో వున్న గింజల్ని పిల్లల చేతే అలబామాకీ మిసిసిపీకీ తోయించాను. పత్తి చేలు అటు పెరిగాయి గనక, ఆ డెబ్భై ఏళ్ళలో దాదాపు పది లక్షల మందిని పాత రాష్ట్రాలనుంచి దక్షిణానికి తరలించారు. వెయ్యి ఆవాలు. చెల్లెలి ఇంటికి వంద మైళ్ళ దూరంలోని రిచ్‌మండ్ ఆ అమ్మకాలకి పెద్ద సంత.

కారణం పిల్ల తనే చెప్పింది. గింజ తీసే పని యంత్రం చేసింది గాని, విత్తడం, కలుపు తీయడం, కాయ కోయడం చేతులతోనే. గింజ దగ్గర ఆగిన పని ఆగకుండా సాగింది గనక ఎంత పండిస్తే అంత అమ్ముకోవచ్చు. ఎంత పండించాలంటే అన్ని చేతులు కావాలి. 1860 నాటికి అమెరికా ఎగుమతుల విలువలో సగం పైన పత్తిదే.

చిన్నవాడు మిసిసిపీ దగ్గర కూర్చుని ఒక ఆవగింజని వేలికొసతో పట్టుకుని, "ఇందులో వెయ్యిమందైతే ఒక మనిషి ఎంత వుంటాడు మామయ్యా?" అన్నాడు. కనపడడు కదా. ఆ సాయంత్రం నుంచి లెక్కలు ఆపి మనుషుల మాటలు చదివించాం. 1936 నుంచి 1938 దాకా ప్రభుత్వం మనుషుల్ని పంపి, ఒకప్పుడు బానిసలుగా వుండి బతికివున్న ముసలివాళ్ళ చేత చెప్పించి రాయించిన జ్ఞాపకాలు రెండువేల మూడువందల పైచిలుకు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో వున్నాయి. ఎవరైనా వూరికే చదువుకోవచ్చు. రాసుకున్నవాళ్ళలో ఎక్కువమంది తెల్లవాళ్ళు గనక, చెప్పేవాళ్ళు కొంత దాచుకుని వుంటారన్న సంగతి కూడా పిల్లలకి చెప్పాలి. ఏది చదివించాలో ముందు పెద్దలు చూసుకోవడం మంచిది. కొన్ని మనకే మింగుడు పడవు.

ఇలాంటి పనుల కోసం వెతికే తల్లులకి డబ్బు పోసి పెట్టెలు కొనవలసిన అవసరం అంతగా కనిపించలేదు. జాతీయ పార్కుల వాళ్ళు చాలా చారిత్రక స్థలాల్లో "జూనియర్ రేంజర్" పుస్తకం ఇస్తారు. అందులో పనులు పూర్తిచేస్తే ప్రమాణం చేయించి బిళ్ళ ఇస్తారు. మా వాడి చొక్కాకి మూడు బిళ్ళలున్నాయి. స్నానానికి కూడా విప్పనంటాడు. మూడు గంటలు కారులో వెళితే విలియమ్స్‌బర్గ్ వస్తుంది. 18వ శతాబ్దపు వూరిని అలాగే నిలబెట్టి, ఆనాటి పనిముట్లతోనే కమ్మరం, వడ్రంగం చేస్తూంటారు. ఇటుకల పని జరిగే కాలంలో వచ్చినవాళ్ళ పిల్లల్ని బురద తొక్కనిస్తారు. ఇంటి చదువు పిల్లలకి తక్కువ రుసుము రోజులు కూడా పెడతారు. పిల్లలు మోకాళ్ళదాకా బంకమట్టిలో దిగితే మా అమ్మ, "ఇటుకబట్టీ చూడ్డానికి ఇంతదూరం రావాలా?" అంటూనే అరగంట నిలబడి చూసింది.

ఆ దగ్గర్లోనే జేమ్స్‌టౌన్. అక్కడ ఆనాటి భూముల కాగితాల్లో 1635 నాటిది ఒకటుంది. సొంత ఖర్చుతో మనిషిని వర్జీనియాకి తెచ్చినవాడికి తలకి యాభై ఎకరాలు ఇచ్చేవారు. జార్జి మెనిఫీ అనే ఆసామి తను తెచ్చినవాళ్ళ జాబితాలో "టోనీ, ఈస్ట్ ఇండియన్" అని ఒక పేరు రాయించాడు. మన దేశంనుంచి వచ్చినవాడుగా అమెరికా కాగితాలకెక్కిన తొలి మనుషుల్లో అతనొకడు. మేనకోడలు టీ సిరాతో అలాంటి జాబితా ఒకటి తయారు చేస్తూ, "టోనీ ఇంటిపేరేమిటి?" అని అడిగింది. ఇంటిపేరూ లేదు, వూరిపేరూ లేదు. యాభై ఎకరాల లెక్క మాత్రం వుంది.

మేం తిరిగి వచ్చేనాటికి మొక్కజొన్న నడుమెత్తు ఎదిగింది, చిక్కుడు తీగ పైకి పాకుతోంది. ఆగస్టులో మేనకోడలి వుత్తరం వచ్చింది. ఒక రాత్రి జింకలు గుంపుగా వచ్చి చిక్కుళ్ళన్నీ మేసి పోయాయట. గుమ్మడి ఒక్కటే మిగిలిందట. కింద గీత గీసి అడిగింది: "పౌహటన్ వాళ్ళు జింకల్ని ఏం చేసేవారు మామయ్యా?"

జవాబు తెలుసు. కాని ఇక్కడినుంచి వెళ్ళే ప్రతి వుత్తరమూ ముందు మా అమ్మకి చదివి వినిపించాలి. ఆవిడ శాకాహారి. అందుకే ఇంకా రాయలేదు.